మాటలు రాని సినిమా

కలకత్తా ఖిదిర్‌పూర్‌లో పోర్టు క్వార్టర్స్‌లో ఉంటాం. మొన్న పూజ సెలవుల్లో మావారు చౌకలో హోం థియేటర్ అమర్చారు. అన్నీ సెకండ్‌హ్యాండే. టీవీ కింద, మధ్యలో పెట్టే స్పీకరు మాత్రం కొనలేదు. "నాలుగు మూలలా నాలుగున్నాయి, సాలవేటి?" అని ధీమా.

ఆ సాయంత్రం బిల్డింగులో అందర్నీ పిలిచి తెలుగు సినిమా పెట్టారు. ఫైటింగుకి కిటికీలు అదిరాయి. కానీ హీరో నోరు తెరిస్తే ఒక్క మాటా వినబడదు! మాటలన్నీ ఆ కొనని స్పీకరులోంచే రావాలట.

"బోబా ఛొబి నాకి, బౌది?" మూగ సినిమానా వదినా అని పక్కింటి బెంగాలీ దాదా అడిగేసరికి అందరూ గొల్లున నవ్వారు. నాకు తల కొట్టేసినట్టయింది.

అప్పుడు మా అత్తగారు అటక మీదున్న తన పాత చెక్క రేడియో చూపించి, "రేడియో పాడైనాది గానీ దాని గొంతు పోనేదురా. ఇప్పి తగిలించు" అన్నారు. మావారు అందులోని స్పీకరు విప్పి వైర్లు కలిపారు. అంతే, హీరో గొంతు ఖంగుమంది! ఈసారి గది చప్పట్లతో మోగింది.

అప్పట్నుంచీ మా టీవీలో ఎవరు నోరు విప్పినా నాకు ఆవిడే మాట్లాడుతున్నట్టుంటుంది. మర్నాడే దాదా వచ్చి ఆ స్పీకరు ఏ కంపెనీదని అడిగాడు.

"మా అత్తగారి కంపెనీ" అన్నాను.

లోపల్నుంచి ఆవిడ కేకేశారు. "అమ్మకానికి నేదని సెప్పు!"