లోపలికి వినిపిస్తుందా?

బస్‌స్టేషన్ బయటి గేటు పక్కన, రెండు చేతులూ చాపితే రెండు గోడలూ తగిలేంత దుకాణం ఆవిడది. గోడల నిండా కొక్కేలు, కొక్కేల నిండా ఇంకా పళ్ళు కోయని తాళంచెవులు. ముందున్న బల్ల మీద చెవులు కోసే యంత్రం. అది తిరిగినంతసేపూ ఇత్తడి పొడి రాలి ఆవిడ ఒడిలో, ముంజేతుల మీద, కనుబొమల్లో మెరుస్తూ ఉంటుంది. భర్త పెట్టిన దుకాణం. ఆయన పోయాక, ఒక్కగానొక్క కొడుకును పెంచుకుంటూ, ఆవిడే నడిపింది. ఊరంతా తాళాలమ్మ అంటుంది. పేరు పెట్టి పిలిచేవాళ్ళు ఇప్పుడు ఎవరూ లేరు.

పనిలో ఆవిడకు రెండు పట్టింపులు ఉండేవి. తలుపు మీద గీత పడకూడదన్నది మొదటిది. చెవి పోగొట్టుకున్నవాళ్ళు కంగారులో తాళం పగలగొట్టమని మొత్తుకున్నా ఒప్పుకునేది కాదు. సన్నటి ఉక్కురేకుతో, వంచిన తీగతో, వెంట్రుకవాసి చొప్పున కదిపి తెరిచేది. రెండోది తాళాన్ని బుజ్జగించడం. పని సాగినంతసేపూ దాని చెవిలో చెబుతున్నట్టు మెల్లగా మాట్లాడుతూనే ఉండేది.

"రా నాన్నా, రా. ఇంకొంచెం. నా బంగారానివి కదూ, జరుగు మరి."

వచ్చినవాళ్ళు నవ్వుకునేవారు. బడి విడిచాక బల్ల కింద కూర్చుని లెక్కలు చేసుకునే కొడుకుకు మాత్రం ఒళ్ళు మండేది.

"ముద్దులన్నీ ఆ ఇనపముక్కకేనా? నాకేమైనా మిగిల్చావా?"

"దానిలా చెప్పిన మాట విను, నీకూ పెడతాను."

"అదెక్కడ వింటోంది? ఇందాకటి నుంచి బతిమాలుతూనే ఉన్నావు!"

"నువ్వు మాత్రం పిలవగానే పలుకుతావేంటి? మూడోసారి పిలిచేదాకా నీ నోట్లోంచి ఊఁ అయినా రాదు."

అది నిజమేనట. అన్నానికి పిలిచినా, నిద్ర లేపినా, వాడు మూడో పిలుపుకే పలికేవాడు. మొదటి రెండూ ఊరికే వినడానికి బాగుంటాయని ఒకసారి తల్లితో చెప్పాడట.

పెద్దయ్యాక వాడు పార్సిళ్ళు చేరవేసే పనిలో చేరాడు. బరువులు మోసి నడుం పట్టేసింది. డాక్టరు నొప్పిమాత్రలు రాశాడు. నొప్పి తగ్గింది, మాత్రలు ఆగలేదు. మాత్రలు దొరకనప్పుడు వాటికన్నా ఘాటైనది దొరికింది. ఇంట్లో వస్తువులు ఒక్కొక్కటే కనబడకుండా పోయాయి. చివరికి ఆవిడ తన చేతులతోనే బీరువాకు తాళం బిగించింది. వాడు వచ్చి, దాన్ని వేలితో మీటి చూశాడు.

"నా కోసం ఖరీదైనదే బిగించావే!"

ఆ ఇంట్లో ఆ తరవాత తిట్లూ ఏడుపులూ అలకలూ అన్నీ నడిచాయి. కొడుకును 'నాన్నా' అని పిలిచే పిలుపు మాత్రం మళ్ళీ వినబడలేదు. ఎప్పుడు ఆగిందో ఆవిడకే గుర్తు లేదు.

ఒక ఉదయం స్టేషన్‌లో మరుగుదొడ్లు శుభ్రం చేసే ఆమె పరుగెత్తుకొచ్చింది. మూడో గదిలో ఎవరో లోపల గడియ పెట్టుకున్నారు, ఎంత కొట్టినా పలకడం లేదు. తాళాలమ్మకు ఇది కొత్త కాదు. రాత్రి తాగి లోపల నిద్రపోయినవాళ్ళను ఇదివరకూ లేపింది. సంచీ పట్టుకుని వెళ్ళింది. అక్కడ గుమిగూడిన కూలీల్లో ఒకతను చొక్కా చేతులు మడిచాడు.

"అమ్మా, ఒక్క తన్ను తంతే పోలా?"

"తంతే తలుపు పోతుంది. తప్పుకో నాయనా, గీత పడకుండా తీస్తాను."

సందులోంచి రేకు దూర్చి, గడియను కొంచెం కొంచెంగా పక్కకు జరిపింది. అలవాటు ప్రకారం నుదురు తలుపుకు ఆనించి దాన్ని బుజ్జగించింది. గడియ జారింది. తలుపు మీద నిజంగానే ఒక్క గీత కూడా లేదు. అవతలి గోడకు ఆనుకుని కూర్చున్నది ఆవిడ కొడుకే. మోచేతి దగ్గర చిరిగిన చొక్కాకు తను వేసిన కుట్టును ముందు పోల్చుకుంది. ముఖం తరవాత చూసింది.

తలుపు తన్ని తెరిచి ఉంటే బతికేవాడా అని ఆవిడ ఆస్పత్రిలో అడిగింది. చెప్పలేమమ్మా అన్నారు. ఆ మాటతో తల్లికి శిక్షా పడలేదు, విడుదలా దొరకలేదు.

దుకాణం మళ్ళీ తెరిచింది కానీ, తాళాలతో మాట్లాడటం మానేసింది. యంత్రం చప్పుడు తప్ప ఇంకేమీ వినిపించని ఆ దుకాణానికి ఒక రోజు, ఉద్యోగ విరమణ చేసిన ఒక నర్సు వచ్చింది. తరవాత అందరం నర్సమ్మ అని పిలిచే మనిషి ఆవిడే. ఒక అలమరా తాళానికి చెవి కావాలంది.

"పాత చెవి ఏమైంది?"

"మా అమ్మాయి దగ్గర ఉండేది. అమ్మాయే లేదు." ఎదుటి మనిషి చేతులు ఆగిపోవడం చూసి అడిగింది. "నీకూనా?"

"అబ్బాయి."

"మత్తేనా?"

"ఊఁ."

"ఇంతమంది రోగులను చూశాను, నా పిల్లను చూసుకోలేకపోయాను. ఆ స్టూలు ఇలా జరుపు. నా మోకాలు నా మాట వినదు."

ఇద్దరితో మొదలైన గుంపు అది. నర్సమ్మ ముందుగదిలో ఆదివారాలు కూర్చునేవారు. బట్టలు ఇస్త్రీ చేసే ఆమె, బడిలో టీచరు, బ్యాంకు ఉద్యోగి, ఇంకొందరు వచ్చి చేరారు. అందరూ మత్తుకు బిడ్డను పోగొట్టుకున్న తల్లులే. నా పరిశోధన కోసం నేను వాళ్ళ మధ్యకు వెళ్ళేనాటికి ఏడుపు ఆగలేదు గానీ, ఏడుపు పక్కన పని కూడా సాగుతోంది. మత్తుమందు మోతాదు మించి ఊపిరి ఆగిపోతున్నవాళ్ళ ముక్కులో కొడితే తిరిగి ఊపిరి అందించే మందు ఒకటి ఉంది. దాన్ని ఎలా వాడాలో నర్సమ్మ దుకాణాలవాళ్ళకూ డ్రైవర్లకూ నేర్పేది. తాగుబోతులకూ మత్తుగాళ్ళకూ ఇంకా చెడిపోయే దారి చూపిస్తున్నారని వీధిలో ఒకాయన మొహం మీదే అన్నాడు.

"తిట్టడానికైనా మనిషి బతికి ఉండాలి కదండీ," అంది నర్సమ్మ. "మీకు తీరిక దొరికినప్పుడు తిడుదురు గాని."

అయితే ఒక ఆదివారం ఆవిడే, మందుసీసా చేతిలో తిప్పుతూ అంది. "ఇది నా చేతిలో ఉండి, మనిషి గడియ అవతల ఉంటే, నేనేం చెయ్యను?"

గదిలో అందరి చూపూ తాళాలమ్మ మీదికి మళ్ళింది. ఆవిడ తల వంచుకుంది. మర్నాడు దుకాణంలో ఒక పాత గడియ విప్పి ముందు పెట్టుకుని కూర్చుంది.

ముందుగా ఆవిడ తయారుచేసింది బయటి నుంచి నాణెంతో తిప్పితే తెరుచుకునే గడియ. స్టేషన్ మేనేజరు దాన్ని అటూ ఇటూ తిప్పి చూశాడు.

"ఆలోచన మంచిదేనమ్మా. కానీ నాణెం ఎవడి జేబులో ఉండదు? రేపు ఆడవాళ్ళ గదుల దగ్గర ఒక తుంటరి వెధవ ఇదే పని చేస్తే, జవాబు చెప్పుకోవలసింది నేను."

ఆ మాటలో న్యాయం ఉంది. ఆవిడ వెనక్కి తీసుకెళ్ళి మళ్ళీ చేసింది. ఈసారి నాణెం పట్టదు. చిన్న గుంటలో నాలుగు పలకల మేకు ఉంటుంది, దానికి సరిపోయే చెవి శుభ్రం చేసేవాళ్ళ మెడలోనూ నర్సమ్మ సంచిలోనూ మాత్రమే ఉంటుంది. ఒప్పించడానికి తల్లులు చాలాసార్లు తిరిగారు. చివరికి తలుపులు అవే ఉంచి, గడియలు మాత్రం మార్చుకోవడానికి అనుమతి దొరికింది.

మార్చిన ప్రతి గడియకూ ఒక పరీక్ష పెట్టుకున్నారు. ఒక తల్లి లోపలికి వెళ్ళి గడియ వేసుకుంటుంది. బయటి నుంచి ఎంత పిలిచినా పలకకూడదు. అది నియమం. శుభ్రం చేసేవాళ్ళు వచ్చి, తలుపు కొట్టి, చెవి తిప్పి తెరవాలి. తెరిచేవాళ్ళ చేతులకు కంగారులోనూ పని తెలియాలని ఆ ఏర్పాటు. అందరూ వంతులవారీగా లోపలికి వెళ్ళారు. తాళాలమ్మ ఎప్పుడూ బయటే. లోపలి నుంచి వచ్చినవాళ్ళను ఏమీ అడిగేదీ కాదు. మూడో గదిని మాత్రం చివరికి వదిలేస్తూ వచ్చింది.

ఒక సాయంత్రం దుకాణం కట్టేస్తూ నాతో అంది. "నాకు ఒక్కటే తెలియాలమ్మా. లోపలికి వినిపిస్తుందా అని. కొట్టిన చప్పుడు కాదు, ఆ రోజు నేను గడియతో మెల్లగా అన్న మాటలు. ఎవరో పరాయివాడు అనుకునే వెళ్ళాను. వాణ్ణని తెలియదు. కానీ నా నోట్లోంచి వచ్చింది 'నాన్నా' అన్న ఆ మాటే కదా. వాడున్న చోట ఎన్నాళ్ళకో వచ్చింది."

"ఒక్కసారి లోపల నిలబడితే తెలిసిపోతుంది కదండీ?"

"వినిపించదని తెలిస్తే?" అని షట్టరు కిందికి లాగింది.

మూడో గది గడియ మార్చిన రోజు నేనూ ఉన్నాను. పాత గడియను విప్పేటప్పుడు ఆవిడ చేయి ఒక్క క్షణం దాని మీద ఆగింది. వాడు చివరిసారి కదిపిన వస్తువు అది. విప్పి, మిగతా పాత గడియలున్న డబ్బాలోనే వేసింది. కొత్తది బిగించింది. బిగించవలసిన మర ఇంకా ఒకటి మిగిలి ఉండగానే నర్సమ్మ తన సంచి నా చేతికిచ్చి లోపలికి నడవబోయింది.

"ఉండక్కా. దీనికి నేను వెళ్తాను."

"నీకేం పట్టిందే? నేనున్నాను కదా."

"నేనే వెళ్తాను."

తలుపు మూసుకుంది. గడియ పడింది. ఆ రోజు పరుగెత్తుకొచ్చి పిలిచిన ఆమే ఇప్పుడు తెరవాలి. తలుపు కొట్టింది, పిలిచింది, బదులు లేదు. మెడలోంచి చెవి తీసింది కానీ కంగారులో అది వెంటనే గుంటలో కూర్చోలేదు. నర్సమ్మ నా వైపు వంగి, గొంతు బాగా తగ్గించి గొణిగింది.

"ఇది పలకదు చూడు. కొడుకే నయం, మూడోసారికైనా పలికేవాడట. మొండిఘటం."

చెవి తిరిగింది. తలుపు తెరుచుకుంది. తాళాలమ్మ అవతలి గోడకు ఆనుకుని నేల మీద కూర్చుని ఉంది. నర్సమ్మ సంచి లాక్కుని ముందుకు ఉరికింది. ఆవిడ చేయెత్తి ఆపింది.

"ఎవరే మొండిఘటం?"

నర్సమ్మ అక్కడే ఆగిపోయింది. "అది... నేను ఈ పిల్ల చెవిలో అన్నాను కదే!"

"వినిపించింది," అంది తాళాలమ్మ. "అంత మెల్లగా అన్నా వినిపించింది."

ఆ రోజు ఆ వేళకు కుర్రవాడికి వినే స్పృహ ఉందా లేదా అన్నది ఎవరూ తేల్చలేరు. శబ్దం తలుపు దాటుతుందని తెలిసింది, అంతే. ఆ తేడా నాకంటే ఆవిడకే బాగా తెలుసు. తెలిసే, లేవకుండా అలాగే కూర్చుని అడిగింది.

"పలకాలనే అనుకుని ఉంటాడంటావా, అక్కా?"

నర్సమ్మ మోకాలు పట్టుకుని, మెల్లగా ఆవిడ పక్కన కూలబడింది.

"నువ్వు పిలిచిన మొదటిసారికి వాడు ఎప్పుడు పలికాడు గనకే? వింటూ కూర్చుని ఉంటాడు."

తాళాలమ్మ నవ్వింది. నవ్వు సగంలోనే మరోలా మారింది, నర్సమ్మ భుజం అందించింది. శుభ్రం చేసే ఆమె తలుపు దగ్గర నిలబడి, లోపలికి వస్తున్నవాళ్ళను పక్క గదికి పంపింది.

చాలాసేపటికి తాళాలమ్మ లేచి, ముఖం తుడుచుకుని, మిగిలిపోయిన మర బిగించడానికి తలుపు ముందు కూర్చుంది. మర ముందు సరిగ్గా ఎక్కలేదు. ఆవిడ నుదురు తలుపుకు ఆనించింది.

"రా నాన్నా," అంది.