ఎర్రజెండా దగ్గర సుభద్ర మేడమ్

కరోనా ఆంక్షలు ఎత్తేశాక వచ్చిన మొదటి వేసవిలో నేను యారాడ బీచ్‌లో లైఫ్‌గార్డ్‌గా చేరాను. మాది ఆ ఊరే, వేటకు వెళ్ళే కుటుంబం. అక్కడి సముద్రంలో రిప్ కరెంట్ వస్తుంటుంది. అంటే ఒడ్డుకు వచ్చిన నీరు పాయలా వెనక్కి మళ్ళి మనిషిని లోపలికి లాక్కుపోవడం. ఈత వచ్చినవాళ్ళు కూడా అందులో చిక్కితే అలసిపోతారు. అందుకే మా సూపర్‌వైజర్ ఏడాది పొడవునా ఎర్రజెండా ఉంచమనేవారు. ఆ జెండా ఉంటే ఎవరూ నీళ్ళలో దిగకూడదు.

సుభద్ర మేడమ్ రిటైరైన వ్యాయామ టీచర్. కాకినాడ వాళ్ళు. భర్తకు స్టీల్‌ప్లాంట్‌లో ఉద్యోగం కావడంతో ఇక్కడే స్థిరపడ్డారు. రోజూ పొద్దున్నే వచ్చి, జెండా పక్కనుంచే నడిచి సముద్రంలో దిగేవారు. ఒకరోజు అడ్డం నిలబడ్డాను.

“మెట్లెక్కలేని మోకాళ్ళు బాబూ నావి. నీళ్ళలో ఉన్నంతసేపే నొప్పి తెలీదు. నా ప్రాణానికి నాదే పూచీ,” అన్నారు.

“మీ పేణం మీదేనండీ. మీరు ములిగితే నాను దూకాల గదా. మరి నా పేణానికి ఎవులండీ పూచీ?”

ఆవిడ అలల వైపు తిరిగి చూశారు. తర్వాత, “ఇవాళ సముద్రం ఎలా ఉంది? నిజం చెప్పు,” అన్నారు.

“నిమ్మళంగానే ఉందండీ.”

“రోజూ ఎర్రజెండాయే పెడితే, నిజంగా ప్రమాదమున్న రోజు నాకెలా తెలుస్తుంది?”

ఆ ప్రశ్నే వెళ్ళి సూపర్‌వైజర్‌ని అడిగాను. “రేపేదైనా అయితే ఎవులు జవాబు సెప్పుకోవాల్రా?” అని ఆయన చాలా రోజులు నానబెట్టారు. చివరికి ఒప్పుకున్నారు. రోజూ పొద్దున్నే నీళ్ళు పరీక్షించి, నిమ్మళంగా ఉంటే పసుపు జెండా పెట్టడం, ఒడ్డున పాతిన రెండు గెడల మధ్యనే ఈదనివ్వడం మొదలుపెట్టాం. మునక్కుండా నడుముకు గాలిబుడగ కట్టుకోమంటే, “చంటిపిల్లని చేశావు,” అని గొణిగి మేడమ్ కట్టుకున్నారు.

వానలు మొదలయ్యాక ఒకరోజు అలలు చెలరేగితే ఎర్రజెండా పెట్టాం. కాలేజీ కుర్రాళ్ళు నా విజిల్ లెక్కచేయకుండా నీళ్ళ వైపు నడిచారు. ఇసుకలో కూర్చున్న మేడమ్ లేచి వాళ్ళకు ఎదురెళ్ళారు.

“ఈ జెండా ఊరికే పెట్టరు నాయనా. రోజూ ఈదేదాన్ని, ఇవాళ నేనే దిగలేదు.”

వాళ్ళు అయిష్టంగానే ఆగి, ఒడ్డున బంతాట మొదలుపెట్టారు. కాసేపటికి బంతి నీళ్ళలో పడింది. చూస్తుండగానే లోపలికి కొట్టుకుపోయి చుక్కంతయింది. దాని కోసం ఎవరూ అడుగు వేయలేదు.

మనుషులకు నిబంధన మీద కోపం ఉండదని, అది తమతో నిజం చెప్పడం లేదనిపించినప్పుడే దాటిపోతారని నాకప్పుడు అర్థమైంది.

మేడమ్ ఇప్పుడు బయల్దేరే ముందే ఫోన్ చేస్తారు. “ఇవాళ ఎరుపేనండీ,” అంటే, “సరేలే, పడుకుంటాను,” అని పెట్టేస్తారు.