తొట్టిలో వరి, మట్టిలో కరెంటు

సిద్ధరాములు గంజి పట్టిన నూలుకు బూజు వచ్చిందని మా షోలాపూర్ దాజీ పేట్‌లో ఎవరైనా అనగా నేను వినలేదు. మాది పక్క ఇల్లే. నేను గడపలో కూర్చుని బీడీలు చుడుతుంటే అతను వాకిట్లో పడుగుకు పట్టే గంజి కాచేవాడు. వానాకాలం బూజు రాకుండా అందులో మోర్‌చూద, అదే మైలుతుత్తం, కలిపేవాడు. పనిమంతుడే, కాదనను. గొప్పలకు కూడా తక్కువ లేదు. "అక్కా, నా గంజిల పురుగు బతుకుతదా?" అని రోజూ అదే పాట. వినీ వినీ నా చెవులు చిల్లులు పడ్డాయి.

భార్య పోయాక ఆ మనిషికి లోకమంతా కూతురు ఆరతే. ఎమ్మెస్సీ చదువుతోంది. పోయిన వానాకాలం ఆ పిల్ల ప్లాస్టిక్ తొట్టిలో చెరువు మట్టి నింపి, నీళ్లు నిలగట్టి వరి నాటింది. మట్టిలో కరెంటు పారే నల్లటి గుడ్డముక్కలు పాతి వైర్లు బయటికి తీసింది. నెల దాటాక చిన్న బల్బు వెలిగింది. పేటంతా వచ్చి చూసిపోయింది. పరీక్ష చేసే సారు ముందు అది వెలిగితే ఆరతికి పెద్ద వరి పరిశోధన కేంద్రంలో చోటు దొరుకుతుంది. వెలగకపోతే ఆ చోటు ఇంకొకరికి పోతుంది.

"కరెంటు ఎట్ల వస్తది బిడ్డా?" అని తండ్రి అడిగితే, ఆ పిల్ల తొందరలో ఉండి "వరి ఇస్తది బాపూ" అనేసి కాలేజీకి పోయింది. అతను అదే నమ్మాడు. పొద్దున లేస్తే దేవుడికి దండం పెట్టకముందే వరి దగ్గరికి పోయేవాడు.

పరీక్ష దగ్గర పడింది. ఆరతి పనిమీద కాలేజీలోనే ఉండిపోయిన నాడు సిద్ధరాములుకు మట్టి మీద తెల్లటి బూజు కనబడింది. ఇంకేం, చేతిలో ఉన్న విద్యే కదా. మోర్‌చూద నీళ్లు కలిపి తొట్టి నిండా పోశాడు. తెల్లారేసరికి బల్బు ఆరిపోయింది.

ఆరతి ఇంటికొచ్చి తొట్టి దగ్గర కూలబడింది.

"బాపూ, ఇందుల ఏం పోసినవ్?"

"బూజు పట్టింది బిడ్డా. మోర్‌చూద పోసిన. ఇగ ఒక్క పురుగు బతకది."

ఆ పిల్ల వైర్లు విప్పి మళ్లీ కట్టి చూసింది. తర్వాత మెల్లగా చెప్పింది.

"వరి ఒక్కటే ఇయ్యది బాపూ. దాని వేర్ల కాడ కంటికి కనపడని పురుగులుంటయి. కరెంటు అవ్వే ఇస్తయి."

సిద్ధరాములు ముఖం నేను చూడలేకపోయాను. నాకు ఒళ్లు మండింది, ఏడుపూ వచ్చింది. "తిట్టవే మీ బాపును" అన్నాను.

"ఏమని తిట్టాలె పెద్దమ్మా? నేనే సక్కగ చెప్పలే" అంది.

ఆ రోజంతా అతను తొట్టిలో నీళ్లు తోడి పారబోస్తూ, కొత్త నీళ్లు పోస్తూనే ఉన్నాడు. కొత్త మట్టి తెస్తానన్నాడు. ఆ పురుగులు మళ్లీ పెరగడానికి నెల పడుతుందని ఆరతి చెప్పింది. సారు కాలేజీకి వచ్చేది మర్నాడే. అయినా అతను నీళ్లు మార్చడం మానలేదు, పిల్ల వద్దనలేదు.

మర్నాడు తొట్టిని ఆటోలో పెట్టుకుని ముగ్గురం కాలేజీకి పోయాం. వరి మాత్రం పచ్చగానే ఉంది. సారు వైర్లు కదిపి చూశాడు, బల్బు వెలగలేదు. సిద్ధరాములు చేతులు జోడించి మరాఠీలో మొదలుపెట్టాడు.

"మొన్నటిదాకా వెలిగింది సారూ. పేటంతా చూసింది. తప్పు నాది, పిల్లది కాదు."

సారు మంచివాడే. "నిజమే అయ్యుంటుంది దాదా. కానీ నేను చూడాలి కదా" అన్నాడు.

ఆరతి వచ్చి చెయ్యి పట్టుకుని "పోదాం పా బాపూ" అనేదాకా సిద్ధరాములు ఆ బల్బునే చూస్తూ నిలబడ్డాడు.