నాలుగొందల మంది ఆడబిడ్డలు

గిద్దలూరు బజారులో గాజుల ముస్తాక్ అహ్మద్ నోరు విప్పితే దుకాణంలో ఆడవాళ్ళు కడుపు పట్టుకుని నవ్వుతారన్న సంగతి ఊరందరికీ తెలుసు. మూడేళ్ళ కిందటి దాకా తెలియనిది ఒక్క అక్తర్ బేగానికే. ఆమె అతని భార్య. కాపురానికొచ్చి అప్పటికి ఇరవై ఆరేళ్ళు.

అక్తర్‌ది కంభం. పద్దెనిమిదో ఏట నిఖా అయి, రైలెక్కి, గంట తిరక్కముందే గిద్దలూరులో దిగింది. ఆమెకు దొరికిన ముస్తాక్ వేరు. ఇంట్లో అతను మాట్లాడేది ఉర్దూ, అదీ కొలత వేసి. పొద్దున "చాయ్". మధ్యాహ్నం "పానీ". కంచం ముందు ఏమడిగినా "హౌ", అంటే అవునని. కాదని చెప్పాలంటే ఆ ముక్క కూడా ఖర్చు పెట్టడు, తల అడ్డంగా ఊపుతాడు. కొట్టడు, తిట్టడు, తాగడు. మార్కాపురంలో సెల్‌ఫోన్ల దుకాణం పెట్టుకున్న కొడుకు పర్వేజ్‌ని, నంద్యాలలో ఇచ్చిన కూతురు ఉజ్మాను ఏ లోటూ లేకుండా పెంచాడు. అటువంటి మనిషి మీద ఎవరికేమని చెప్పుకోవాలి? కంభంలో తల్లితో ఒకసారి అంటే ఆమె నవ్వింది. మాట్లాడే మొగుళ్ళతో వేగేవాళ్ళని అడుగు, నీ అదృష్టం తెలుస్తుంది అంది. ఈ నేలలో బోరు ఆరొందల అడుగులు దిగితేగాని తడి తగలదు, మనుషుల్లోనూ అటువంటివాళ్ళు ఉంటారు కాబోలని అక్తర్ సరిపెట్టుకుంది.

మూడేళ్ళ కిందట అతను ఒకనాడు అన్నం గిన్నె మరిచిపోయి వెళ్ళాడు. ఆ ఇంటి ఆడవాళ్ళు దుకాణం ముఖం చూసే ఆనవాయితీ లేదు. అయినా ఎండలో మనిషి పస్తుంటాడని గిన్నె కొంగు కింద పెట్టుకుని సందులోంచి వెనక వాకిలికి వెళ్ళింది. పరదా మీద చెయ్యి వేసేసరికి లోపల ఎవరో మగమనిషి తెలుగులో అంటున్నాడు:

"అక్కా, నీ చెయ్యి ప్యాసింజరు రైలు మాదిరుంది, యాడబడితే ఆడ ఆగిపోతాంది. వదులు, వదులు. మీ అత్తను తల్చుకోగాకు, బిగుసుకపోతాది."

ఆడవాళ్ళు గొల్లున నవ్వారు. ఆ గొంతు ముస్తాక్‌దే. మనిషి మాత్రం ఆమె ఎరిగినవాడు కాడు. గిన్నె గడప మీద పెట్టి, వచ్చిన దారినే వెళ్ళిపోయింది. ఆ రోజు అంటుకున్న మంట మళ్ళీ ఆరలేదు.

మనిషంటే ఒక్కడే అని లెక్క వేసుకుంటాం గాని, ఆ లెక్క ఎక్కడా తేలదు. గిద్దలూరు స్టేషనునే చూడండి. గ్యాంగ్‌మన్‌కు అది కాలే ఇనుము, కొమరోలు నుంచి బస్సులో వచ్చి టిక్కెట్టు కోసం నిలబడ్డ రైతుకు గుంటూరు ఆసుపత్రి దారి, ఇడ్లీలమ్మే ఆమెకు పొద్దుటి బేరం. అందరూ నిలబడేది ఆ ప్లాట్‌ఫారం మీదే, ఎవరి స్టేషను వారిది. పంతొమ్మిది వందల డెబ్బైకి ముందు ఈ పల్లెలు కర్నూలు కచేరీలకు తిరిగాయి, ఆ తరువాత ఒంగోలుకు తిరిగాయి. కాగితం మీద జిల్లా మారింది, చేలో జొన్న మారలేదు. ఊరూ పొలమే ఇన్ని రూపాలుగా బతుకుతుంటే మనిషి ఒక్క రూపంతో ఎట్లా నెట్టుకొస్తాడు? చదువుకున్నవాళ్ళు దీనికి నోరు తిరగని పేర్లు పెట్టారు. ఆ పేర్లు అక్తర్‌కు తెలియవు. ముస్తాక్‌లో తన వంతుకు వచ్చిన ముక్క చిన్నదని మాత్రం తెలుసు.

గాజులవాడి మాట వినోదం కాదు, పనిముట్టు. రెండూ నాలుగు సైజు మట్టిగాజు అంతకన్నా పెద్దదైన రెండూ ఆరు చేతికి ఎక్కాలంటే బొటనవేలు అరచేతిలోకి మడిచి, మణికట్టు దాకా జారే ఆ రెండు క్షణాలూ ఆ చెయ్యి తానొక చెయ్యినన్న సంగతి మరిచిపోవాలి. మరిపించేది మాటే. పరాయి ఆడమనిషి చెయ్యి పట్టుకోవాలంటే ముందు వరస కలపాలి. అక్కో, చెల్లో, పిన్నో. ముస్తాక్‌కు తండ్రి నేర్పిన కట్టడి ఇంకొకటుంది: చెయ్యి చూడు, మొగం చూడొద్దు, నువ్వు మొగం చూస్తే ఊరు నిన్ను చూస్తాది అని. అందుకే అతను తల ఎత్తడు. చేతులను బట్టి మనుషుల్ని గుర్తుపడతాడు. చుట్టుపక్కల నాలుగొందల మంది అక్కచెల్లెళ్ళున్నారని చెప్పుకుంటాడు.

అంటే అక్తర్‌కు నాలుగొందల మంది ఆడబిడ్డలన్నమాట. సొంత ఆడబిడ్డ ఒక్కతే ఉంటే సాధించి అయినా చల్లబడుతుంది. వీళ్ళు సాధించరు, ప్రేమగా పలకరిస్తారు. అది ఇంకా మంట. రేషను వరసలో నిలబడితే ముందున్నామె మణికట్టు మీదకే ఆమె చూపు పోయేది. ఈ ఆకుపచ్చ గాజుకు ఏం చెప్పి నవ్వించాడో, ఆ ఎరుపు డజనుకు ఏ వరస కలిపాడో అని లోపల్లోపల రగిలేది. తన గాజులు కాగితం పొట్లంలో వస్తాయి. అలమర మీద పెట్టి వెళ్తాడు. చేతికి సబ్బు రాసుకుని తనే ఎక్కించుకోవాలి. ఒకసారి తెగించి తెలుగులోనే అడిగింది, "ఏమయ్యా, కూర ఎట్లుంది?" అని. గ్యాసు బండ తెచ్చినవాడు వంటింట్లో కూర్చుని అడిగినట్టు చూసి, "హౌ" అన్నాడు.

ఆడబిడ్డల్లో పెద్ద గండం నాగలక్ష్మి. కిరాణా లక్ష్మీనరసయ్య ఇల్లాలు. ఎదురైతే చాలు, వదినా అంటూ చెయ్యి పట్టుకుంటుంది. మా అన్న వచ్చి పోయిన దినం మా ఇంట్లో నవ్వు రెండు దినాలుంటుంది, నీకేం వదినా, దినమూ పండగే అంటుంది. అక్తర్ పళ్ళన్నీ కనిపించేట్టు నవ్వి, ఇంటికొచ్చి ఆ కోపం గిన్నెల మీద చూపించేది.

ఈ నాగలక్ష్మి కోడలు సుప్రియకు ఏడో నెల వచ్చింది. నాగలక్ష్మి సీమంతానికి అక్తర్‌ను పిలిచింది. గాజులు తొడగడానికి ముస్తాక్ పొద్దున్నే పెట్టెతో వెళ్ళాడు. భార్యకు పిలుపొచ్చిందని అతనికి తెలియదు, ఆమె చెప్పలేదు. చూసి తీరాలనుకుంది. లోపలి గదిలో బురఖా తీసి మడిచి పెట్టి, పట్టుచీరతో ఆడవాళ్ళ మధ్య కూర్చుంది. సుప్రియకు ముందు తొడిగాడు. తరువాత పేరంటానికి వచ్చిన వాళ్ళంతా చాప చుట్టూ మూగి, భుజాల మీదుగా చేతులు చాచారు. అతను తల దించుకునే ఉన్నాడు. అందిన చెయ్యి అందుకుంటున్నాడు. అక్తర్ కూడా చాచింది.

అతను ఆ చెయ్యి పట్టుకుని ఒక్క క్షణం ఆగాడు.

"ఇది కొత్త చెయ్యి. మన బజారు చెయ్యి గాదు. యా ఊరు తల్లీ?"

నాగలక్ష్మి నోరు తెరవబోయి, అక్తర్ చూపు చూసి, కొంగు అడ్డం పెట్టుకుంది.

"పలకదు. పోనీలే, చెయ్యే చెప్తాది." వేళ్ళు నొక్కి చూశాడు. "నీళ్ళలో నానిన చెయ్యి. ఎప్పుడూ తనే తొడుక్కున్నాది గాని ఇంకొకరికి ఇచ్చింది లేదు. ఏం చెల్లీ, మీ ఇంటాయనకు నీకు గాజులు తొడిగించే తీరిక గూడా లేదా? యాపారస్తుడేమో? అట్లాంటోళ్ళు అంతే. నువ్వు మాత్రం వదులు, ఇది నీ పుట్టినిల్లే అనుకో."

మొదటి గాజు జారింది. రెండోది. అతను ఏదేదో చెబుతూనే ఉన్నాడు, ఆమె ఎన్నడూ వినని మెత్తదనంతో. ఇరవై తొమ్మిదేళ్ళుగా కూడు పెట్టిన చేతిని గుర్తుపట్టలేదన్న ఉక్రోషం పొంగింది. కాని చెయ్యి మాత్రం సిగ్గులేకుండా వదులైంది. పదకొండు గాజులు నొప్పి తెలియకుండా దిగాయి.

పన్నెండోది వేలి కణుపుల మీదికి వచ్చినప్పుడు ఆమె తెలుగులో అంది:

"మా ఇంటాయన గాజులాయనే."

అతను తల ఎత్తాడు. చాప చుట్టూ నవ్వు భగ్గుమంది. పెండ్లాన్ని పట్టుకుని చెల్లీ అన్నాడే అని ఎవరో ముసలామె బుగ్గలు నొక్కుకుంది. ముస్తాక్ "తౌబా" అని చెంపలు వేసుకున్నాడు. చేతిలోని పని ముగించాలి కదా, నోరు మూసుకుని తోశాడు. గాజు చిట్లి ఆమె వేలి మీద గీత పడింది.

"నువ్వు మాట్లాడకుంటే అంతే అన్నా," అంది నాగలక్ష్మి.

ఇంటికి వచ్చేటప్పుడు అతను స్కూటరు ఎక్కలేదు. తోసుకుంటూ ఆమె పక్కనే నడిచాడు. లోపలికి వచ్చి, గొంతు సవరించుకుని, బళ్ళో పాఠం ఒప్పజెప్పినట్టు తెలుగులో అడిగాడు, "నొప్పి పుట్టిందా?"

మాటలు బజారువే, గొంతు ఇంట్లోదే. అక్తర్‌కు అప్పుడు అర్థమైంది. తాను ఇన్నాళ్ళూ కుళ్ళుకున్నది నాగలక్ష్మి మీద. ఇప్పుడు ఆ చాప దగ్గర మూగగా కూర్చున్న కొత్త చేతి మనిషి మీద, తనకు తానే సవతైనట్టు, కడుపు మండుతోంది. పదకొండు గాజుల సేపు ఆమెకు దక్కింది తనకు దక్కలేదు. ఈ నాలుగు గోడల మధ్య దక్కదు కూడా.

"తేరేకు క్యా హోనా?" అన్నాడతను చేతకాక. నీకేం కావాలని.

"శుక్రవారం నమాజు అయినాక దుకాణానికొస్తా. ముందు వాకిలి నుంచే వస్తా. అందరితో పాటు వరసలో కూసుంటా. నన్ను గుర్తుపట్టగాకు."

ఈసారి ముస్తాక్‌కు తెలుగు కాస్త తేలిగ్గానే వచ్చింది.

"మరి నిన్నేమని పిల్చేది? చెల్లీ అనకూడదు గదా."

"అది నువ్వే చూసుకో," అంది అక్తర్, వేలికి పసుపు అద్దుకుంటూ. "ఊర్లో ఆడోళ్ళందరికీ వరసలు కలిపినోడివి. నాకొకటి దొరక్కపోతాదా?"