అడిగినంతే పనయోత్

పనయోత్‌ను ఏమైనా అడగాలంటే ముందు కాగితం మీద రాసుకుని వెళ్లాలి. అడిగినదానికి మించి ఒక్క అక్షరం రాల్చడు మహానుభావుడు.

జోర్నిత్సకి ఈ సంగతి ప్లోవ్‌దివ్ ఊళ్లోని ఆ ఆఫీసులో చేరిన రోజే తెలిసింది. క్యాంటీన్ ఎక్కడుందో తెలుసా అని అడిగింది. తెలుసని చెప్పి ఆయన మళ్లీ కీబోర్డు మీద పడ్డాడు. ఎక్కడో చెప్పమంటే కింది అంతస్తు అన్నాడు. ఆకలితో మెట్లు దిగి వెళ్తే తలుపుకి తాళం. సోమవారం తెరవరట. పైకొచ్చి నిలదీసింది.

"మూసి ఉంటుందని చెప్పొచ్చుగా?"

"తెరిచుందా అని నువ్వడగలేదుగా అమ్మాయ్."

ఇంట్లోనూ ఇదే వరస. ఓసారి భార్య స్తాంక ఫోన్ చేసి రొట్టె ఉందా అంటే ఉందన్నాడు. తీరా చూస్తే అది పోయిన వారంది, గోడకి మేకు కొట్టొచ్చు దాంతో. అప్పటినుంచి ఆవిడ "రొట్టె ఉందా, ఎప్పటిది, ఎంత?" అని ఒక్క ఊపులో అడుగుతుంది. ముప్పై ఏళ్ల కాపురం అలా నిలబడింది.

అసలాయన ఉద్యోగమే అది. ఉద్యోగుల వివరాలన్నీ దాచే కంప్యూటర్ ప్రోగ్రామును చూసుకునేది ఆయనే; ఏ వివరం కావాలన్నా మిగతా ప్రోగ్రాములు వచ్చి దాన్ని అడుగుతుంటాయి. ఆయన రాకముందు ఎవరిదైనా పేరడిగితే చాలు, ఫోన్ నంబరూ చొక్కా కొలతా పుట్టిన ఊరూ కలిపి పంపేసేది. గరిటెడు పప్పడిగితే గుండిగ కుమ్మరించినట్టు! పనయోత్ దాన్ని దారికి తెచ్చాడు. ఏయే గళ్లు కావాలో అడిగేవాళ్లు రాసివ్వాలి, అవే వెళ్తాయి. "అన్నీ పంపు" అనే మాట ఆయన ముందు బూతు కింద లెక్క.

అలాంటి చోటికి కొత్త మేనేజరుగా క్రాసిమిర్ దిగాడు. మనదంతా ఒకే కుటుంబం, దాపరికాలెందుకంటూ హాలు గోడకి పెద్ద తెర పెట్టించి అందులో సెలవుల పట్టిక వేయిస్తానన్నాడు. ఎవరు రాలేదు, ఎప్పటిదాకా రారు, ఎందుకు రాలేదు అని మూడు గళ్లు రాసి, మీటింగులో అందరి ముందూ పనయోత్ చేతిలో పెట్టాడు.

జోర్నిత్స మొహం పాలిపోయింది. పిల్లలు కలగడానికి వైద్యం కోసం ప్రతి గురువారం పొద్దున ఆమె ఆస్పత్రికి వెళ్తోంది. కారణం రాయనిదే సెలవు ఫారం ముందుకు కదలదు కనుక ఉన్నదున్నట్టు రాసేసింది. అది గోడకెక్కితే ఇంకేముంది, అకౌంట్స్‌లో ఉన్న అత్తగారి స్నేహితురాలు సాయంత్రానికల్లా ఊరంతా టముకు వేస్తుంది. పోనీ పనయోత్‌ను బతిమాలుకుందామా అంటే, అడిగితే ఇచ్చే మనిషాయె. ఈసారి అడగనే అడిగారు.

గురువారం ఆమె ఆస్పత్రి నుంచి వచ్చేసరికి తెర వెలుగుతోంది. దగ్గరికెళ్లి చదువుకుంది. తన పేరుంది. పదకొండు గంటలదాకా రాదని ఉంది. ఎందుకు రాలేదన్న గడిలో "సెలవు పెట్టారు" అని ఉంది. కింద ఎవరి గడి చూసినా అదే ముక్క.

తెర ముందు క్రాసిమిర్ కుతకుతలాడిపోతున్నాడు. "ఇదేం జవాబయ్యా? సెలవెందుకు పెట్టారో కావాలి నాకు."

"మీరు ఎందుకు రాలేదని రాశారు. సెలవు పెట్టారు కాబట్టి రాలేదు," అన్నాడు పనయోత్ తాపీగా. "సెలవెందుకో మీకు కావాలంటే మీ బల్లకి పంపుతా. గోడకెందుకండీ? పైగా సోమవారం అందులో మొదటి పేరు మీదే."

సోమవారం క్రాసిమిర్ ఇస్తాంబుల్ వెళ్తున్నది జుట్టు నాటించుకోవడానికి. చెయ్యి దానంతటదే బట్టతల మీదికి పోయింది. ఆయనకి వెంటనే వేరే పని గుర్తొచ్చింది.

ఇది పిచ్చో తెలివో జోర్నిత్సకి అంతుపట్టలేదు. దగ్గరికెళ్లి, మాటలు కొలుచుకుని అడిగింది.

"పనయోత్ గారూ, నేను రాసిన కారణం మీరు చదివారా?"

"లేదు." అడగని మాట చెప్పడం అలవాటు లేక చెవులు ఎర్రబడ్డాయి. "మీటింగులో నీ మొహం చూశాను. నువ్వొచ్చే వేళకి క్యాంటీన్లో బానిత్స అయిపోతుంది. ఒక ముక్క తీయించి పెట్టా."

మూడేళ్లలో ఆయన నోట అడగకుండా మాట రావడం ఇదే మొదలు. పరగడుపున పరీక్షకి రక్తమిచ్చి వచ్చిన జోర్నిత్స ఆ జున్ను రొట్టెని నిలబడే తినేసింది. ప్రాణం లేచొచ్చింది.

"ఇంకో ముక్క ఉందా?"

"ఉంది," అని ఆయన మళ్లీ కీబోర్డు మీద పడ్డాడు.

జోర్నిత్స పక్కున నవ్వి, ఈసారి అన్ని గళ్లూ పెట్టి అడిగింది. "ఎక్కడుంది, ఎవరిది, నేను తినొచ్చా?"

"సొరుగులో. నీదే. తిను."