వంగినా ఊడని కమ్మలు

రెండు వేల ఇరవై మూడు, మాఘమాసం ముహూర్తాలకి ముందు సంగతి ఇది. నల్లపాడు స్టేషన్ నుంచి ఊళ్లోకి వచ్చే దారిలో మా కొట్టు. కొట్టంటే పెద్దదేం కాదు, మా ఇంటి ముందు గదే. మా నాన్న అందులో కూర్చుని నల్లపూసలు గుచ్చేవాడు. హిందువుల పుస్తెలకీ ఆయనే గుచ్చేవాడు, మా సాయిబుల ఇళ్లలో పెళ్లికూతుళ్ల మెడలో కట్టే నల్లపూసల లచ్చాలకీ ఆయనే. నేను ఐదో తరగతితో బడి మానేసి ఆయన పక్కన చాప మీద కూర్చున్నాను. పూసల తరవాత తీగపని నేర్చుకున్నాను, ఆ తరవాత ప్లేటింగ్. ప్లేటింగ్ అంటే వెండి వస్తువు మీద పల్చగా బంగారం పట్టించడం. మా అమ్మాయి బోర్డు మీద ‘మస్తాన్‌బీ, జ్యువెలరీ ఆర్టిస్ట్’ అని రాయించింది గానీ, వీధికి మాత్రం నేను పూసల మస్తానమ్మనే.

పుష్యమాసంలోనూ మూఢాల్లోనూ పెళ్లిళ్లుండవు, మాకు గిరాకీ ఉండదు. ఆ రోజుల్లో కొట్టు కట్టేసి బస్సెక్కుతాను. మ్యూజియానికి పోతాను. చీరాలలోనో గుంటూరులోనో బొమ్మల ప్రదర్శన పెట్టారని తెలిస్తే అక్కడికీ పోతాను. పక్కన పెట్టిన పలకలు చదవను. రాతి మనుషుల మెడలూ చెవులూ మొలనూళ్లూ చూస్తాను. నచ్చిన నగని గాజుల డబ్బా అట్ట మీద గీసుకుంటాను. మ్యూజియం గేటు దగ్గర కాపలా ఆయనకి నేను అలవాటైపోయాను. “వచ్చావా తల్లీ! ఇవాళ ఎవరి మెడ మీద పడతావు?” అంటాడు.

ఆ పుష్యమాసంలోనే కోటేశ్వరమ్మ పిన్ని మా గడప ఎక్కింది. పెదకాకాని వైపు పల్లె. మిరప వేస్తారు. మా నాన్న ఉన్నప్పటి నుంచీ ఆవిడ నల్లపూసలు మా దగ్గరే గుచ్చించుకుంటుంది. ఆ రోజు వెనకాల ఆవిడ మనవరాలు హారిక కూడా వచ్చింది. పెళ్లి కుదిరిన పిల్ల, మొహంలో ఆ కళ లేదు.

“నా నగల సంగతి తరవాతమ్మా, ముందు ఈవిడ సంగతి చూడు” అంది హారిక.

పిన్ని తల మీద చెంగు తీసింది. రెండు చెవుల తమ్మెలూ చీలిపోయి ఉన్నాయి. కుడిది కల్లంలో చీలింది. మిరపకాయల టిక్కీ, అంటే కాయలు కూరిన పెద్ద గోతం, భుజానికి ఎత్తిస్తుంటే దాని పీచుకి కమ్మ తగులుకుంది. ఎడమది చిన్నప్పటి నుంచీ మోసిన బరువుకి సాగి సాగి తెగింది. ఒకసారి కుట్టించుకుంటే కండ ఉబ్బి, మళ్లీ విడిపోయింది. ఇక కుట్టనని డాక్టరు చెప్పేశాడట.

“నిశ్చితార్థంలో మగపెళ్లివాళ్ల ఆడమనిషి అందరి ముందూ అడిగిందే మస్తానీ, అమ్మమ్మగారి చెవులేంటండీ బోసిగా ఉన్నాయని. నేను పీటల మీద కూర్చోనే. మా ఆడపడుచునీ వాళ్లాయన్నీ కూర్చోమంటాను.”

హారికకి చిన్నప్పుడే తల్లి పోయింది. తండ్రి ఒంటిమనిషి. కన్యాదానం చెయ్యాలంటే జంట కావాలి. పెంచింది అమ్మమ్మా తాతయ్యే కనుక వాళ్లే కూర్చోవాలని ఈ పిల్ల ఆశ.

“నువ్వు కూర్చోకపోతే నేనూ కూర్చోను” అంది హారిక.

“చూశావా దీని పొగరు!” అంది పిన్ని.

కాలేజీ పిల్లలు పెట్టుకునే ఇయర్ కఫ్ ఒకటి తీసి చూపించాను. తమ్మెకి బెజ్జం లేకపోయినా చెవి అంచుకి తగిలించుకునే నగ అది. పిన్ని అద్దంలో చూసుకుని, “ఆరేసిన చీరకి క్లిప్పు పెట్టినట్టుంది, తియ్యవే తల్లీ” అంది. ఆవిడకి కావలసింది నిండుగా ఉండే కమ్మా, దాని కింద బుట్టా. వాళ్లమ్మ పెట్టుకున్నట్టు.

మర్నాడే మ్యూజియానికి పోయాను. ఆవరణలో ఒక నర్తకి బొమ్మ ఉంది, ఎప్పుడో గుడి స్తంభం మీద ఉండేదట. దాని చెవి కమ్మ నుంచి ఒక గొలుసు చెవి మీదుగా కొప్పులోకి పోతుంది. మనం మాటీలు అంటామే, అవే. తమ్మె మోయలేని బరువుని జుట్టు మోస్తుంది. ఇదే దారి అనుకున్నాను. గొలుసు కొప్పులో ఎలా ఆగిందో చూద్దామని వెనక్కి పోతే, అక్కడ చెక్కని బండ రాయి. ముందు భాగమే శిల్పం. ఆ వారంలోనే గుంటూరులో పిల్లలు వేసిన పెయింటింగుల ప్రదర్శనకి పోయాను. అక్కడొక బొమ్మలో అమ్మాయికి ఇంతేసి జూకాలు. అవి దేనికి వేలాడుతున్నాయో లేదు. నేను నగలు చేసేదాన్నని చెప్పి వేసినవాణ్ణి అడిగితే, “వేలాడదీసే పని మీదండీ, నాది కాదు” అని నవ్వాడు. నిజమే కదా అని నేనూ నవ్వాను.

చివరికి నేనే ఆలోచించి కొప్పులో గుచ్చుకునే పిన్నులకి గొలుసులు బిగించాను. కమ్మ చీలికని కప్పేటట్టు వెడల్పుగా పెట్టాను. పిన్ని వచ్చి పెట్టుకుంది. ఎంత బాగుందో! అద్దం ముందు అటూ ఇటూ తిరిగి, ఉన్నట్టుండి అడిగింది.

“వంగితే ఊడదు కదా?”

“పెళ్లిపెద్దవి, నువ్వెందుకు వంగుతావు పిన్నీ?”

“ఓసి నీ తెలివి! పెళ్లికొడుకు కాళ్లు ఆయన కడుగుతుంటే పళ్లెంలో నీళ్లు పోసేది నేనేగా? వంగకుండా పైనుంచి పోస్తే పంచె తడవదూ?”

వంగి చూపించింది. పిన్నులు కొప్పుని గట్టిగా పట్టుకున్నాయి. “ఇక కూర్చుంటాను” అంది. ప్లేటింగ్ చేసి వారంలో ఇస్తానన్నాను.

వారం తరవాత వచ్చింది. వెంట వాళ్లాయన సాంబయ్య బాబాయి. పిన్ని చెంగు తియ్యగానే నా చేతిలో కమ్మలు చేతిలోనే ఉండిపోయాయి. గుండు. నున్నగా, గంధం పూసుకుని ఉంది.

“పెదకాకాని గుళ్లో మొక్కు తీర్చుకొచ్చానే. పిల్లకి సంబంధం కుదిరితే తలనీలాలిస్తానని ఎప్పుడో అనుకున్నా. పెళ్లి కాకముందే ఇవ్వాలి కదా.”

“పిన్నీ, మరి ఈ పిన్నులు దేనికి గుచ్చను?”

ఆవిడ తల తడుముకుంది. అప్పుడు గానీ ఆ సంగతి తట్టలేదు ఆవిడకి. బాబాయి నవ్వాపుకోలేక, “ఫెవికాల్ పెట్టమ్మా” అన్నాడు. “మీ నోటికి పెడుతుంది” అని కసిరి, అక్కడే అరుగు మీద కూలబడింది. “దేవుడికి జుట్టిస్తే పీట లాగేసుకున్నాడే. పోనీలే, ఆడపడుచుకి చెప్పేస్తా.”

ఆ మాట నాకు గుచ్చుకుంది. నాకేం దారి తోచక, “రేపు నాతో మ్యూజియానికి రండి, ఇద్దరూ” అన్నాను. ఏదో ఒకటి కనబడుతుందని ఆశ. నిజం చెప్పాలంటే, పీట మాట మర్చిపోయేలా ఆవిణ్ణి ఓదార్చడానికి నా దగ్గర అక్కడొక బొమ్మ ఉంది.

అది బుద్ధుడి బొమ్మ. పొడుగాటి తమ్మెలు, సాగి వేలాడుతుంటాయి, నగ ఒక్కటీ ఉండదు. రాజుగారి కొడుకై పుట్టి చిన్నప్పటి నుంచీ బరువైన కుండలాలు పెట్టుకుంటే అలా సాగాయని, అన్నీ వదిలి వెళ్లిపోయేటప్పుడు తీసేశాడని కాపలా ఆయన చెబుతుంటాడు. పిన్నిని దాని ముందు నిలబెట్టి ఆ కథ చెప్పాను. “చూడు పిన్నీ, బోసి చెవులే. ఆయన్నెవరైనా ఏమన్నా అన్నారా? దణ్ణం పెడుతున్నారు” అన్నాను. చాలా గొప్పగా చెప్పాననుకున్నాను.

పిన్ని కాసేపు చూసి, నా వైపు తిరిగింది.

“ఆయన తనంతట తాను తీసేశాడే. నావి తెగిపోయాయి. రెండూ ఒకటేనా? ఆయనకొద్దు. నాకు కావాలి.”

బాబాయి నెమ్మదిగా, “అది అడిగింది కమ్మలమ్మా, నువ్వు వేదాంతం ఇస్తున్నావు” అన్నాడు.

పిన్నికి మాత్రం ఆ చెవి మీద మనసు పడింది. “అయినా ఎంత బాగా చెక్కాడో! మీ కళ్లజోడు ఇటివ్వండి” అని బాబాయి కళ్లజోడు లాక్కుని పెట్టుకుంది. బొమ్మ మీదికి వంగింది. బాగా వంగింది. నేను వెనకాల నిలబడి ఉన్నాను. జుట్టు లేదు కదా, ఆవిడ చెవి వెనక భాగం మొదలంటా కనబడుతోంది. ఇన్నేళ్లలో ఏ మనిషి చెవినీ నేను అట్నుంచి చూడలేదు. అక్కడ కళ్లజోడు తీగ చెవి మొదట్లో వంపు తిరిగి కూర్చుని ఉంది. వదులైన కళ్లజోడు, ఆవిడది కూడా కాదు. అంత వంగినా జారలేదు.

“పిన్నీ, కదలొద్దు” అన్నాను. అట్ట తీసి గీశాను. ఆ గదిలో అన్ని రాతి చెవులుంటే నేను బతికున్న చెవిని గీస్తుంటే కాపలా ఆయన వింతగా చూశాడు.

ఇంటికొచ్చి పిన్నులు తీసేసి, కళ్లజోడు తీగలా చెవి వెనక్కి వంగే తీగ పెట్టాను. ఒట్టి వెండి మెత్తన, వంపు నిలవదు. లోపల సన్న స్టీలు తీగ పెట్టి, పైన వెండి తొడిగాను. చెవి చుట్టూ తిరిగి వెనక కిందికి దిగిన కొసకి ఒక చిన్న వెండి గుండు పోశాను, ముందున్న బుట్ట బరువుకి అది ఎదురు బరువు. పైన వంపు కనబడకుండా ముత్యాలు కట్టాను. దూరం నుంచి చూస్తే మాటీలే. కమ్మ చీలిక ముందు నిలబడుతుంది, తమ్మె మీద బరువు పడదు. చెవి వెనక కోసుకుపోతోందని పిన్ని రెండుసార్లు వచ్చింది, రెండుసార్లూ వంపు సరిచేశాను. ప్రతిసారీ ఆవిణ్ణి కొట్టులో చెంబు పట్టుకుని వంగమన్నాను. వీధిలో పోయేవాళ్లు ఆగి చూశారు.

పెళ్లికి పిలిచారు, పోయాను. మొదటి వరసలోనే కూర్చున్నాను. పిన్ని పీటల మీద బాబాయి పక్కన కూర్చుంది. తల మీద జుట్టు వేలెడు కూడా లేదు, చెంగు కప్పుకోలేదు. నిశ్చితార్థంలో మాటన్న ఆడమనిషి వంగి చూసి, “ఎక్కడ చేయించారండీ?” అంది. “మా మస్తాని చేసింది” అంది పిన్ని, అంతకన్నా ఒక్క మాట ఎక్కువ మాట్లాడలేదు.

ఆ తరవాత పంతులుగారు చెంబు చేతికిచ్చారు. బాబాయి పెళ్లికొడుకు కాళ్లు పట్టుకున్నాడు. పిన్ని వంగింది. బుట్టలు ముందుకి ఊగాయి. నా చెయ్యి నాకు తెలియకుండానే నా చెవి మీదికి పోయింది. నీళ్లు ధారగా పడుతున్నాయి, బుట్టలు ఊగుతున్నాయి, హారిక వాటినే చూస్తోంది. నీళ్లయిపోయాయి. పిన్ని నిటారుగా కూర్చుని, జనంలో నన్ను వెతికి తల అటూ ఇటూ ఊపి చూపించింది.

మ్యూజియానికి ఇప్పుడూ పోతాను. నగ ఎంత అందంగా ఉండొచ్చో ఆ రాళ్లు చెబుతాయి, నాకు వేరే గురువెవరూ లేరు. కానీ రాయి వంగదు. దానికి బరువు తెలియదు, నొప్పి తెలియదు, పీట మీద కూర్చోవాలనే ఆశ ఉండదు. అవన్నీ ఉన్నది కొట్టుకి వచ్చిన మనిషికి. అందుకని ఎవరు ఏ నగ చేయించుకోవడానికి వచ్చినా నేను ముందు డిజైన్ల పుస్తకం తియ్యను. చెంబు చేతికిచ్చి, “ఒక్కసారి వంగమ్మా” అంటాను.