ముక్కుతో చూసిన వైన్లు

నేను ఇటలీకి వెళ్ళొచ్చానని తెలియగానే చుట్టాలందరూ మొదట అడిగేది అక్కడ ఏం తిన్నారని. పులిహోర తిన్నాం అని చెప్తాను. అబద్ధమేమీ కాదు. మా ఊరు బేతంచెర్ల నుంచి డబ్బాలకెత్తుకుని పోయిన పులిహోర గుజ్జు, బొరుగులు, శెనగపొడి, చింతకాయ తొక్కు, వీటితోనే ఆ వారమంతా గడిచింది. హోటలు గదిలో మా తోడికోడలు కరెంటు కుక్కర్లో అన్నం వండుతుంటే, నేను కిటికీ తెరిచి పైటకొంగుతో ఆవిరి బయటికి విసిరేదాన్ని. వైన్ల సంగతి మాత్రం ఎవరూ అడగరు. మాది షావుకార్ల ఇల్లు, ఆ మాట ఎత్తడమే తప్పు. కానీ గార్దా సరస్సు చుట్టుపక్కల చేసే వైన్ల గురించి మా ఊళ్ళో నాకు తెలిసినంత ఇంకొకరికి తెలుసంటే నేను నమ్మను. ఒక్క చుక్క నాలిక మీద పడకుండా తెలుసుకున్నాను.

అదెట్లా అంటే, ముందు మా వంటింటి కట్టు చెప్పాలి. మా ఇంట్లో దేవుడికి పెట్టేదాకా వంట ఎంగిలి చేయకూడదు. అందరిళ్ళలో మాదిరి అరచేతిలో ఒక చుక్క వేసుకుని నాకి చూడడం కుదరదు. పప్పులో ఉప్పు సరిపోయిందా, చారులో పులుపు ఎక్కువైందా అన్నది ఆవిరిని బట్టి చెప్పాలి. కాపురానికి వచ్చిన కొత్తలో మా అత్త నా తల పట్టుకుని గిన్నె మీదికి వంచేది. "ముక్కు ఉండేది ముక్కెర పెట్టుకునేదానికే కాదు, చూడు" అనేది. ఏడుపొచ్చేది. రాను రాను అలవాటైంది. ఇప్పుడు ఏ ఇంటి ముందు నుంచి నడిచినా, వాళ్ళ సాంబారులో ఏం తక్కువైందో వీధిలోనే చెప్పగలను. చెప్తే ఊరుకోరు కాబట్టి చెప్పను.

మాది నాపరాయి వ్యాపారం. గనిలో తీసిన రాయిని కోసి, పాలిష్ పట్టి, బండలు చేసి లారీలకెత్తుతారు. బేరసారాలు మా బావ చూసుకుంటారు. పాలిష్ యూనిట్ మా ఆయనది. ఇంటి ఆడవాళ్ళు యూనిట్ గడప తొక్కకూడదు, కూలీలు ఉంటారు, మర్యాద కాదు. అందుకే మా ఆయన సాయంత్రం ఇంటికి వచ్చినప్పుడు ఆయన దగ్గర వచ్చే వాసన ఏమిటో నాకు చాలాకాలం తెలియలేదు. పైన సోంపు, దాని కింద ఘాటుగా ఇంకేదో. పెళ్ళైన కొత్తలో మా అత్తనే అడిగాను.

"పాలిష్ మందు వాసనమ్మా అది. రాళ్ళలో పనంటే అంతే గదా" అంది.

పాలిష్ మందే అనుకున్నాను. ఇంత ముక్కు పెట్టుకుని ఎట్లా అనుకున్నానని మీరు అడగొచ్చు. ఎప్పుడూ చూడని వస్తువుకు ఎవరు ఏ పేరు చెప్తే అదే పేరు.

ఇక నాకు కావలసిందేమిటో కూడా చెప్పేస్తాను, దాచేదేముంది. నాకు వేరు కాపురం కావాలి. మా అమ్మాయి కడపలో చదువుతోంది, హాస్టల్లో ఉంటుంది. ఆ కాలేజీకి దగ్గరలో రెండు గదుల పోర్షను తీసుకుని, కింద బండల షోరూము పెట్టుకుని, నా ఇంట్లో నా గిన్నెలో గరిటె పెట్టి నా ఇష్టమొచ్చినట్టు రుచి చూసుకుంటూ బతకాలని నా కోరిక. మా ఆయన్ను ఎన్నిసార్లు అడిగినా ఒకటే జవాబు, "అన్నను ఎట్లా అడిగేది?" మా ఇంట్లో నుంచి వేరు పోయింది ఒకరే ఒకరు, మా మామగారి తమ్ముడు. తాగుతాడని తెలిసి ఆయన్ను విడదీసి పంపేశారు. బద్వేలులో చిన్న కిరాణా కొట్టు పెట్టుకుని ఉన్నాడు. అప్పటి నుంచి మా అత్త నోట ఒకటే మాట: తాగినోడు ఈ కప్పు కింద ఉండడానికి లేదు, వేరు పోవలసిందే. పండక్కీ పబ్బానికీ పిల్లలందరినీ కూర్చోబెట్టి మరీ చెప్తుంది.

ఇటలీ ప్రయాణం కొత్త పాలిష్ మిషన్ కోసం. ఆ మిషన్ల కంపెనీ వాళ్ళు భార్యలను కూడా తీసుకురమ్మన్నారు. ఫ్యాక్టరీ చూపించిన రోజు నేను జీవితంలో మొదటిసారి పాలిష్ మందు డబ్బా దగ్గర నిలబడ్డాను. మూత తీసే ఉంది. వాసన చూశాను. ఇది మా ఇంటికొచ్చే వాసన కాదే అనిపించింది. వీళ్ళది విదేశీ మందు కదా, వేరుగా ఉంటుందేమోలే అని ఊరుకున్నాను.

మర్నాడు కొనుగోలుదారులందరినీ బస్సులో సరస్సు వైపు తీసుకుపోయారు. నీళ్ళంటే ట్యాంకరు వచ్చే రోజు గుర్తుకొచ్చే ఊరు మాది. అక్కడ కళ్ళకు పట్టనంత నీళ్ళు, చుట్టూ కొండలు, కొండల వాలులో వరసలు వరసలుగా ద్రాక్ష. దిగి ఆ నీళ్ళలో కాళ్ళు పెడదామని నా ప్రాణం కొట్టుకుంది. "చీర తడుస్తాదమ్మా, మళ్ళీ బస్సెక్కల్ల గదా" అన్నారు బావ. ఆరు గజాల చీర, పైన స్వెట్టరు, కాళ్ళకు మేజోళ్ళు, పక్కన తోడికోడలు, ముందు సీట్లో బావ. దేశంగాని దేశం పోయినా నేను మా వంటింట్లోనే కూర్చున్నట్టుంది.

వైన్లు చేసే మొదటి తోట దగ్గర బస్సు ఆగినప్పుడు బావ మమ్మల్ని దిగవద్దన్నారు. బస్సులో ఎవరూ ఉండకూడదని డ్రైవరు దింపేశాడు. అక్కడే బావ ఒక తీర్మానం చేశారు.

"గ్లాసు పట్టుకోండమ్మా. వద్దంటే మిషనోళ్ళు ఏమన్నా అనుకుంటారు. నోట్లో మాత్రం పెట్టొద్దండి."

సరే, పట్టుకున్నాం. చుట్టూ ఉన్నవాళ్ళు గ్లాసును గుండ్రంగా తిప్పి, ముక్కు లోపలికి పెట్టి, గుక్క నోట్లో పుక్కిలించి, పక్కనున్న బకెట్లో ఉమ్మేస్తున్నారు. మా తోడికోడలు నా చెవిలో, "ఉమ్మేసేదానికి తాగేదెందుకమ్మే?" అంది. నవ్వు ఆపుకోవడానికి నేను కూడా ముక్కు గ్లాసులో పెట్టాను.

ఎండకు కాలిన నాపబండ మీద నీళ్ళు చల్లితే లేచే వాసన. మా ఇంటి వాకిలి. దాని వెనక, నమిలితే చివర చేదు తగిలే బాదంపప్పు. తెల్ల వైను అది. ఇంతదూరం వచ్చి నా వాకిలి వాసన చూస్తాననుకోలేదు. పోసిన ఆవిడ మా అత్త వయసుది, ఆ తోట యజమానురాలు. ఏం తోచిందని నన్నే అడిగింది. బస్సులో మాతో వచ్చిన గైడు పిల్ల దాన్ని ఇంగ్లీషులో చెప్పింది. తడిసిన రాయి, చేదు బాదం అన్నాను. ఆవిడ నా ముఖంలోకి చూసి, గబగబా ఏదో చెప్పింది. ఈ తోటల కింద సున్నపు బంకమన్ను ఉందట, ఒకప్పుడు ఇదంతా సరస్సు అడుగట, బాదం చేదు వస్తేనే ఆ ద్రాక్ష అసలైనదట. నా చెయ్యి పట్టుకుని లోపలి గదికి తీసుకుపోయి ఇంకొక పీపాలోది చూపించింది. అందులో బాదం లేదు, తేనెపట్టు మైనం ఉంది. అదీ చెప్పాను. నీకేం తోచిందని నన్ను అంతకు ముందు ఎవరు అడిగారో గుర్తు లేదు. ఆ గదిలోనే ఉండిపోవాలనిపించింది.

రెండో చోట సరస్సుకు తూర్పు ఒడ్డున గులాబీ రంగు వైను. దోరగా పండిన రేగుపండు, నారింజ తొక్క. అక్కడికి వచ్చేసరికి మిగతా వాళ్ళు తాగకముందు నా వైపు చూడడం మొదలుపెట్టారు. బావకు కూడా కొంచెం గర్వంగానే ఉంది, "మా ఇంటి కోడలు" అని ఎవరికో చెప్పారు. సెల్లులో అత్తకు మమ్మల్నందరినీ చూపించారు. "ఎవురూ ముట్టుకోల్యా గదా?" అని అడిగింది అత్త. "యాడమ్మా, వాసన చూస్తాండాం, అంతే" అన్నారు బావ.

మూడో చోట చిన్న చిన్న గ్లాసులు తెచ్చారు. రసం పిండగా మిగిలిన తొక్కల్ని కాచి దించే సారా అది, గ్రప్పా అంటారు. నీళ్ళలాగా తెల్లగా ఉంది. నేను చెయ్యి చాపితే మా తోడికోడలు నా మణికట్టు పట్టుకుంది.

"అది వద్దులేమ్మే."

"వాసనే గదా అక్కా."

"ఘాటుంటాది, తల నొస్తాది. వద్దు."

అప్పటికి నాకు పొగరెక్కింది. గ్లాసు ముక్కు దగ్గరికి తెచ్చుకున్నాను.

ఇంకేమీ వెతుక్కోవలసిన పని లేకపోయింది. సోంపు ఒక్కటే తక్కువ. పెళ్ళైన నాటి నుంచి నా పక్కన పడుకుంటున్న వాసన అది. తలెత్తి చూస్తే మా ఆయన తన గ్లాసును బల్లకు ఆ చివర పెట్టి, చేతులు వెనక్కి కట్టుకుని, కిటికీలో నుంచి సరస్సును చూస్తున్నాడు. చెవులు ఎర్రబడ్డాయి. గైడు పిల్ల ఏం వాసన వచ్చిందని అడిగింది. ఘాటుగా ఉంది అన్నాను.

తిరుగు ప్రయాణంలో బస్సులో నాకు ముందు ఒళ్ళు మండింది. ఇన్నేళ్ళు నన్ను వెర్రిదాన్ని చేశాడే అని. కొంతదూరం పోయాక ఇంకొక ఆలోచన వచ్చింది. తాగినోడు వేరు పోవలసిందే కదా. అంటే కడప. రెండు గదులు, మా అమ్మాయి, కింద షోరూము. మొగుడు తాగుతాడని తెలిసి లోలోపల సంతోషపడిన ఆడది మా ఊరు మొత్తానికి నేనొక్కదాన్నేనేమో. తాగితే తాగాడు, మాన్పించుకోవడం నా ఇంట్లో నేను చూసుకుంటాను. విమానంలో అందరూ నిద్రపోతుంటే నేను మనసులో కడప ఇంటికి పరదాలు కూడా కట్టేశాను.

ఇంటికొచ్చిన మర్నాడు పొద్దున అత్త వరండాలో కందిపప్పు చెరుగుతూ ఒంటరిగా దొరికింది. పక్కన కూర్చున్నాను.

"అత్తా, ఆయన తాగుతాడు. నేను వాసన పట్టినా."

చేట ఆగలేదు. "ఇప్పుడు తెలిసిందా నీకు?" అంది.

"నీకు ముందే తెలుసా?"

"నేను కన్న కొడుకు. నాకు తెలీదా?"

"బావకు?"

"తెలుసు. మీ అక్కకూ తెలుసు. నీకే తెలీకుండా నెట్టుకొస్తాంటిమి, బాధపడతావని."

"మరి చిన్నమామను వేరు పంపితిరి గదా?"

అత్త చేటలో నుంచి ఒక రాయి ఏరి పారేసింది. "ఆయప్పను పంపల్లనుకున్యారు, పంపినారు. నీ మొగుణ్ణి పంపల్లని ఈడ ఎవురికుండాది? వాడు పోతే యూనిట్ ఎవురు చూస్తారు? నాతో అన్నావు, సరిపాయ. ఇంక ఈ మాట యాడా ఎత్తొద్దు."

ఎత్తకుండా ఎందుకుంటాను? అత్త కొడుకును వెనకేసుకొస్తుంది, అది లోకంలో ఉన్నదే. బావ అట్లా కాదు. మాట మీద నిలబడే మనిషని బజారంతా చెప్పుకుంటారు. నోరు తెరిచి ఎదురుగా చెప్తే కాదనలేరు అనుకున్నాను.

మధ్యాహ్నం అన్నదమ్ములిద్దరూ భోజనానికి కూర్చున్నారు. పప్పు, వంకాయ కూర వడ్డించాను. అత్త గుమ్మంలో నిలబడి నన్నే చూస్తోంది. గరిటె గిన్నెలో పెట్టి చెప్పాను.

"బావా, మీ తమ్ముడు తాగుతాండాడు. ఇంటి కట్టు ప్రకారం మమ్మల్ని వేరు పంపండి. మేము కడపకు పోతాం."

ప్రతి మాటా స్పష్టంగా పలికాను, వంటింట్లో ఉన్న తోడికోడలికి కూడా వినపడింది. బావ ముద్ద కలుపుతున్నారు. కలిపిన ముద్ద తిన్నారు. ఇంకా చారు కూడా పోసుకోలేదు.

"మజ్జిగ తేమ్మా" అన్నారు.

విసుగు లేదు, కోపం లేదు, రోజూ అడిగినట్టే అడిగారు. మా ఆయన వేళ్ళు కంచంలో ఒక్క క్షణం ఆగాయి. తర్వాత మిగిలిన కూర పక్కకు నెట్టి, ఆయన కూడా మజ్జిగకు చోటు చేసుకున్నాడు. తోడికోడలు వంటింట్లో నుంచి వచ్చి మజ్జిగ చెంబు నా చేతిలో పెట్టి, నా వైపు చూడకుండా వెళ్ళిపోయింది.

తిట్టి ఉంటే ఎదురు చెప్పేదాన్ని. అబద్ధమని అరిచి ఉంటే ఒట్టు వేసేదాన్ని. వాళ్ళు అన్నం తిన్నారు. నేను ఇద్దరికీ మజ్జిగ పోసి, ఊరమిరపకాయలు వేసి, పక్కకు జరిగి గోడకు ఆనుకున్నాను. అప్పుడు నాకు కోపం రాలేదు, భయం వేసింది. ఈ ఇంట్లోనే నేను ముసలిదాన్నవుతానని ఆ పూట తెలిసింది.